కాపీ కొడితే బూట్ కాదు

"మామయ్యా, పెన్‌డ్రైవ్ పెట్టాను. ఎఫ్12 కొట్టాను. లిస్టులో దాని పేరు కూడా వచ్చింది. ఎంటర్ కొడితే స్క్రీను ఒక్కసారి నల్లబడి మళ్ళీ విండోసే వచ్చింది."

కాకినాడ నుంచి మా మేనల్లుడి ఫోను. రాత్రి పదకొండు దాటింది. వాడి దగ్గరున్నది పదేళ్ళనాటి ల్యాప్‌టాప్. వాళ్ళ నాన్న వాడి వాడి పక్కన పెట్టేస్తే వీడి వంతుకొచ్చింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. పోనీ విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలంటుంది, ప్రాసెసరు కూడా కాస్త కొత్త తరానిదై ఉండాలంటుంది. ఆ గడప దగ్గరే వీడి ల్యాప్‌టాప్ ఆగిపోయింది. కీబోర్డు బాగుంది, స్క్రీను బాగుంది, పారేయడానికి మనసొప్పలేదు. విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుందామనుకున్నాడు.

"ఏం చేశావో మొదట్నుంచీ చెప్పు."

"ఐఎస్ఓ ఫైలు డౌన్‌లోడ్ చేశాను. మూడు జీబీ దాకా ఉంది. పెన్‌డ్రైవ్‌లో కాపీ పేస్ట్ చేశాను. అంతే కదా?"

అంతే కాదు. అయితే అలా అనుకోవడంలో వాడి తప్పేమీ లేదు. పాటని కాపీ చేస్తే పాట వినబడుతుంది, సినిమాని కాపీ చేస్తే సినిమా ఆడుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌ని కాపీ చేస్తే మాత్రం ఎందుకు లేవదు? ఫైల్లో ఒక్క బైటు కూడా తగ్గలేదు కదా. ఆ రాత్రి వాడికి పని జరిగే దారి మాత్రం చెప్పి పడుకున్నాను. అడిగిన ప్రశ్నకి జవాబు బాకీ పడ్డాను.

పాటని పాడేది పాట ఫైలు కాదు, ప్లేయరు. ప్లేయరుని నడిపేది ఆపరేటింగ్ సిస్టమ్. అసలు "ఫైలు" అనే మాటకి అర్థం ఉండేదే ఆపరేటింగ్ సిస్టమ్ మెలకువగా ఉన్నప్పుడు. పెన్‌డ్రైవ్ లోపల ఉన్నవి వరసగా నంబర్లు వేసిన గళ్ళు, అంతే. ఈ గడి నుంచి ఆ గడి దాకా ఉన్నది ఫలానా పేరుగల ఫైలు అని చదివి చెప్పేవాడొకడు ఉండాలి. స్విచ్ నొక్కిన క్షణాన ఆ చదివేవాడు ఇంకా నిద్రలేవలేదు. ర్యామ్‌లో పనికొచ్చేదేమీ లేదు. ప్రాసెసరుకి హార్డ్‌డిస్క్ అంటే ఏమిటో తెలియదు, పెన్‌డ్రైవ్ అంటే అంతకన్నా తెలియదు. డిస్కు మీదున్న ప్రోగ్రాముని ర్యామ్‌లోకి తేవాలంటే ఒక ప్రోగ్రాము కావాలి. ఆ ప్రోగ్రాము ఎక్కడుంది? డిస్కు మీద. పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు అన్న సామెత అచ్చంగా ఈ పరిస్థితికే పుట్టినట్టుంటుంది.

ఇంగ్లీషువాళ్ళు దీన్ని బూటు మీద పెట్టి చెప్పారు. బూటు వెనక తొడుక్కోవడానికి ఒక పట్టీ ఉంటుంది. తన బూటు పట్టీలు తనే పట్టుకుని లాక్కుని తనను తాను గాల్లోకి లేపుకోవడం, అంటే అయ్యే పని కాదు. దాని పేరు బూట్‌స్ట్రాప్. తొలితరం ఇంజినీర్లు ఈ పనికి ఆ పేరే పెట్టారు. వాడుకలో తోక తెగి "బూట్" మిగిలింది. నాకైతే బూటు కన్నా మా ఊరి పొలంలో మోటారు గుర్తొస్తుంది. గొట్టంలో గాలి చేరితే అది ఎంత తిరిగినా చుక్క నీరు లాగదు. ముందు పైనుంచి రెండు బిందెలు పోసి గాలి వెళ్ళగొట్టాలి. నీళ్ళు తోడాలంటే ముందు నీళ్ళు పొయ్యాలి. కంప్యూటర్లో ఆ రెండు బిందెలు ఎవరు పోస్తారన్నదే ప్రశ్న.

జవాబు మదర్‌బోర్డు మీద ఒక చిన్న చిప్పులో ఉంది. కరెంటు పోయినా అందులో రాసింది చెరిగిపోదు. 1978లో ఇంటెల్ తెచ్చిన 8086 ప్రాసెసరు మెలకువ రాగానే మరో ఆలోచన లేకుండా ఒకే చిరునామాకి వెళ్ళేది. అది చూడగలిగే జ్ఞాపకం మొత్తం ఒక మెగాబైటు. ఆ చిరునామా దాని చిట్టచివర, ఇంకో 16 బైట్లే మిగిలి ఉన్నచోట. పదహారు బైట్లలో ఏం పడుతుంది? "అసలు పని అక్కడుంది, అక్కడికి దూకు" అనే ఒక్క ఆదేశం. దూకినచోట ఉండేది బయాస్. 1981 ఆగస్టులో ఐబీఎం పీసీతో అది ఇళ్ళల్లోకీ ఆఫీసుల్లోకీ వచ్చింది. కీబోర్డుని పలకరించి, ర్యామ్‌ని లెక్కపెట్టుకుని, ఆ తరవాత డిస్కు వైపు చూసేది.

ఎలా చూసేదన్నది ముఖ్యం. బయాస్‌కి ఫైళ్ళు చదవడం రాదు. దానికి తెలిసింది డిస్కులో మొట్టమొదటి గడి, 512 బైట్లు. వాటిని తెచ్చి ర్యామ్‌లో 7సీ00 అనే చిరునామా దగ్గర పెట్టి, చివరి రెండు బైట్లు 55, ఏఏ అవునో కాదో చూస్తుంది. ముద్ర సరిపోయిందా, ఇక పగ్గాలు ఆ 512 బైట్లకి అప్పగించి తప్పుకుంటుంది. వాటిలో రాసింది తెలివైనదా తెలివితక్కువదా, మంచిదా వైరసా అన్నది దానికి పట్టదు. ఆ కాలపు బూట్ వైరస్‌లన్నీ ఈ ఉదాసీనత మీదే బతికాయి.

హార్డ్‌డిస్క్ అయితే ఆ 512లో కూడా ముద్రకి 2 పోను, డిస్కుని ఏయే భాగాలుగా పంచుకున్నామో రాసుకునే పట్టికకి 64 పోను, ప్రోగ్రాముకి మిగిలేది 446. తెలుగులో ఒక్కో అక్షరానికీ ఒక్కో గుణింతపు గుర్తుకీ 3 బైట్లు చొప్పున యూనికోడ్‌లో వేసుకుంటే ఒక సీసపద్యం కూడా పూర్తిగా పట్టని జాగా అది. అందులో ఆపరేటింగ్ సిస్టమ్‌ని లేపే ప్రోగ్రాముని ఇరికించాలి. ఇరికించలేరు కాబట్టి తనకన్నా కాస్త పెద్ద ప్రోగ్రాము ఎక్కడుందో తెలిసిన బుల్లి ప్రోగ్రాముని పెట్టారు. అది దాన్ని లేపుతుంది, అది ఇంకో పెద్దదాన్ని. ఇప్పటికీ కంప్యూటరు లేచేది ఈ పద్ధతిలోనే. ఎవరికీ మొత్తం కథ తెలియదు. ఎవరికి వారికి తరవాతి గుమ్మం మాత్రం తెలుసు.

అంటే పాత బయాస్‌ది స్థానాన్ని బట్టి నమ్మకం. మొదటి గడిలో ఉన్నావా, నువ్వే పెద్దవి. ఫైలుని కాపీ చేస్తే అది పెన్‌డ్రైవ్‌లో ఖాళీ ఉన్నచోట ఎక్కడో మధ్యలో పడుతుంది. మొదటి గడి తాకనైనా తాకదు.

మా వాడి ల్యాప్‌టాప్‌లో ఉన్నది బయాస్ కాదు, దాని తరవాతి తరం. తొంభైల చివర్లో ఇంటెల్ తన ఇటానియం సర్వర్ల కోసం మొదలుపెట్టిన ఈఎఫ్ఐ, 2005 నుంచి పలు కంపెనీల ఉమ్మడి వేదిక చేతుల్లోకి వెళ్ళి యూఈఎఫ్ఐ అయింది. బయాస్ కాలపు డిస్కు పట్టికకి 2 టెరాబైట్లు దాటితే లెక్కపెట్టడం రాదు. పెద్ద డిస్కులొచ్చాక అది కాలికి అడ్డం పడింది. యూఈఎఫ్ఐతో కొత్త పట్టిక వచ్చింది. అంతకన్నా పెద్ద మార్పు ఏమిటంటే దీనికి చదువొచ్చు. అన్ని లిపులూ కాదు, ఫ్యాట్ అనే ఒక్క పాత, తేలికైన ఫైలు పద్ధతి మాత్రం వచ్చు. పెన్‌డ్రైవ్ పెడితే నేరుగా ఈఎఫ్ఐ అనే ఫోల్డరు వెతుకుతుంది, అందులో బూట్ అనే ఫోల్డరు, దాన్లో బూట్‌ఎక్స్64.ఈఎఫ్ఐ అనే ఫైలు. దొరికితే నడుపుతుంది. దొరక్కపోతే వరసలో తరవాతిదాని దగ్గరికి వెళ్ళిపోతుంది. మా వాడి విషయంలో ఆ తరవాతిది విండోస్.

అంటే స్థానం పోయి పేరు వచ్చింది. మరి మా వాడు కాపీ చేసిన ఐఎస్ఓలో ఆ పేరుగల ఫైలు లేదా? ఉంది, పొట్లం లోపల ఉంది. సరుకుల పొట్లం తెచ్చి దారం కూడా విప్పకుండా వంటింటి గట్టు మీద పెట్టి, పప్పు ఎందుకు ఉడకలేదని అడిగినట్టయింది వాడి పని. పొట్లం విప్పడం యూఈఎఫ్ఐకి రాదు. నిజానికి చాలా లినక్స్ ఐఎస్ఓల విషయంలో, ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లోకి లోపలి ఫైళ్ళన్నీ విప్పి పోస్తే చాలు, ఇలాంటి కంప్యూటర్లు సలక్షణంగా బూట్ అవుతాయి. ఏ ప్రత్యేక సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. తెలిసినవాళ్ళు కూడా ఈ మాట తక్కువ చెబుతారెందుకో.

ఐఎస్ఓ అంటే మామూలు జిప్ లాంటి మూట కాదు. ఒక సీడీ మొత్తాన్ని మొదటి గడి నుంచి చివరి గడి దాకా అచ్చు గుద్దినట్టు తీసిన నకలు. సీడీల మీద ఫైళ్ళు ఎలా అమర్చాలో చెప్పే ప్రమాణం 1988 నాటి ఐఎస్ఓ 9660. పేరు అక్కణ్నుంచే వచ్చింది. సీడీ నుంచి కంప్యూటరు లేవాలంటే ఏం చెయ్యాలో 1995లో ఫీనిక్స్, ఐబీఎం కలిసి తేల్చాయి. ఆ పద్ధతి పేరు ఎల్ టొరీటో. కాలిఫోర్నియాలో ఆ పేరుగల ఒక మెక్సికన్ హోటల్లో భోజనాల బల్ల దగ్గర దానికి రూపం వచ్చిందట, అందుకే ఆ పేరు. ప్రమాణాలకి అంకెలు తప్ప పేర్లు పెట్టని లోకంలో ఇదొక ఊరట.

ఇక్కడ నాకు బాగా నచ్చిన ముచ్చట ఒకటుంది. ఐఎస్ఓ 9660 రాసినవాళ్ళు సీడీ మొదట్లో 16 గడులు, ఒక్కోటి 2048 బైట్లు, అంటే మొత్తం 32 కిలోబైట్లు ఖాళీగా వదిలేశారు. ఇక్కడ ఏముండాలో మేం చెప్పం, ఎవరికి కావాలంటే వాళ్ళు వాడుకోండి అన్నారు. పాతకాలం పెంకుటింటి ముందు వీధరుగు లాంటిది. ఇంట్లోవాళ్ళు అక్కడ ఏమీ పెట్టుకోరు, ఎండకో వానకో దారినపోయేవాళ్ళు కూచుంటారు. కొన్నేళ్ళ తరవాత పెన్‌డ్రైవ్‌ల కాలం వచ్చింది. సీడీ బొమ్మని ఉన్నదున్నట్టు పెన్‌డ్రైవ్ మీద అచ్చేస్తే పాత బయాస్ దాన్ని హార్డ్‌డిస్క్ అనుకుని మొదటి 512 బైట్లు చూస్తుంది. సీడీ లెక్క ప్రకారం అక్కడ ఖాళీ అరుగే. లినక్స్ లోకంలోని సిస్‌లినక్స్ బృందం హార్డ్‌డిస్క్ తరహా బూట్ ప్రోగ్రామునీ, భాగాల పట్టికనీ తీసుకొచ్చి ఆ అరుగు మీద కూచోబెట్టింది. ఇప్పుడు అదే బొమ్మ సీడీగా చూస్తే సీడీ, హార్డ్‌డిస్క్‌గా చూస్తే హార్డ్‌డిస్క్. దీనికి ఐసోహైబ్రిడ్ అని పేరు. తరవాత యూఈఎఫ్ఐ కోసం ఒక చిన్న ఫ్యాట్ భాగాన్నీ అదే పట్టికలో చేర్చారు. ఇవాళ మింట్, ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్‌ల ఐఎస్ఓలు ఇలాగే వస్తున్నాయి.

బాలెనా ఎచర్ లాంటి సాఫ్ట్‌వేరు చేసేది ఈ అచ్చు వెయ్యడమే. మొదటి గడిలోది మొదటి గడిలో, రెండోది రెండోదాంట్లో. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్న ఫైళ్ళ గురించి దానికి చింత లేదు. విండోస్ ఐఎస్ఓ మాత్రం ఇలాంటి రెండు ముఖాల బొమ్మ కాదు. దాన్ని విప్పి పొయ్యాలి. అక్కడ ఇంకో మెలిక ఉంది. ఫ్యాట్32లో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. విండోస్‌లో అసలు సరుకంతా ఉండే ఫైలు ఒక్కోసారి ఆ గీత దాటుతుంది. రూఫస్ అనే చిన్న సాఫ్ట్‌వేరు ఇలాంటప్పుడు సరుకుని ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో పెట్టి, ఆ లిపి యూఈఎఫ్ఐకి నేర్పే బుల్లి ప్రోగ్రాముని పక్కనే చిన్న ఫ్యాట్ భాగంలో ఉంచుతుంది. మళ్ళీ అదే కథ, తరవాతి గుమ్మం తెలిసినవాడిని ముందు నిలబెట్టడం.

అచ్చు వేసేటప్పుడు ఏ డిస్కు మీద వేస్తున్నామో రెండుసార్లు చూసుకోవాలి. నేను ఒక్కసారే చూశాను. పన్నెండేళ్ళ కిందట లినక్స్‌లో డీడీ అనే కమాండుతో ఈ పనే చేస్తూ, గమ్యం పేరులో ఎస్‌డీసీ అని కొట్టాల్సినచోట ఎస్‌డీబీ అని కొట్టాను. ఒక్క అక్షరం. డీడీ ఎదురు ప్రశ్న వెయ్యదు. పెన్‌డ్రైవ్ బదులు పక్కనే తగిలించి ఉన్న హార్డ్‌డిస్క్ మీద అచ్చు పడింది. అందులో మా నాన్నగారి షష్టిపూర్తి ఫొటోలున్నాయి. ఒకటిన్నర జీబీ దాకా పైన పడింది పడినట్టే పోయింది. కానీ తరవాతి భాగం అలాగే ఉంది, పోయింది దాని పట్టిక మాత్రమే. ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు పట్టికతో పని లేకుండా గడి గడీ తడుముకుంటూ, జేపెగ్ ఫొటో ఎలా మొదలవుతుందో ఆ పోలిక కనబడిన ప్రతిచోటా ఒక ఫొటో ఏరి తెచ్చింది. ఫొటోలు చాలావరకు వచ్చాయి, పేర్లు రాలేదు. అన్నీ ఎఫ్ అక్షరం, దాని వెనక అంకెలు. తలంబ్రాల పక్కన వంటవాళ్ళు, వాళ్ళ పక్కన ఎవరిదో పెళ్ళిలో తీసిన కుక్కపిల్ల. ఇప్పటికీ వాటిని వరసలో పెట్టలేదు.

డౌన్‌లోడ్ అయిన ఐఎస్ఓ అసలైనదేనా అన్నది ఇంకో సంగతి. "వెబ్‌సైటు నుంచే తీశాను కదా" అంటాడు మా వాడు. 2016 ఫిబ్రవరి 20న ఇదే లినక్స్ మింట్ వెబ్‌సైటులోకి ఎవరో చొరబడి, 17.3 సినమన్ డౌన్‌లోడ్ లింకుని దొంగదారి కలిపిన ఐఎస్ఓ మీదికి తిప్పేశారు. మింట్ వాళ్ళే ఆ సంగతి బయటపెట్టి, సైటుని కొంతకాలం మూసేశారు. ఇలాంటప్పుడు పనికొచ్చేది ఎస్‌హెచ్‌ఏ-256. మూడు జీబీల ఫైలునైనా మూడు అక్షరాల ఫైలునైనా నమిలి, 64 అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక వేలిముద్ర ఇస్తుంది. ఫైల్లో ఒక్క బిట్టు మారినా ముద్ర పోలికే లేకుండా మారిపోతుంది. విండోస్‌లో దీన్ని లెక్కగట్టే సర్ట్‌యుటిల్ అనే పనిముట్టు ముందే ఉంది, కొత్తగా ఏదీ వేసుకోనక్కర్లేదు. అయితే సైటునే ఆక్రమించినవాడు అక్కడున్న ముద్రని కూడా మార్చగలడు. అందుకే ఆ ముద్రల జాబితా మీద విడుదల చేసినవాళ్ళు డిజిటల్ సంతకం పెడతారు. సంతకం దాకా సరిచూసేవాళ్ళు నూటికో కోటికో ఒకరు. నేనూ ప్రతిసారీ చూడను.

సంతకాల పట్టింపు ఇప్పుడు కంప్యూటరుకీ వచ్చింది. పాత బయాస్ రెండు బైట్ల ముద్ర చూసి పగ్గాలిచ్చేది. సెక్యూర్ బూట్ ఉన్న యూఈఎఫ్ఐ, బూట్‌ఎక్స్64 ఫైలు దొరికినా దాని మీద తనకి తెలిసినవారి సంతకం ఉందో లేదో చూశాకే నడుపుతుంది. చాలా యంత్రాల్లో ఆ తెలిసినవారు మైక్రోసాఫ్ట్. అందుకని లినక్స్‌లు షిమ్ అనే చిన్న ప్రోగ్రాము మీద మైక్రోసాఫ్ట్ సంతకం తీసుకుని ముందు దాన్ని పంపుతాయి. అది తన వెనక వచ్చేవాళ్ళకి హామీ ఉంటుంది.

మా వాడు మర్నాడు ఎచర్‌తో అచ్చేసుకున్నాడు. ఈసారి ఎఫ్12 కొడితే మింట్ డెస్క్‌టాప్ వచ్చింది. వెంటనే మళ్ళీ ఫోను. "ఇన్‌స్టాల్ చెయ్యకుండానే ఎలా వచ్చింది మామయ్యా?"

దీన్ని లైవ్ అంటారు. క్లౌస్ క్నాపర్ అనే జర్మన్ ఇంజినీరు 2000లో తన నాపిక్స్ సీడీతో దీన్ని ప్రపంచానికి అలవాటు చేశాడు. పెన్‌డ్రైవ్‌లో మొత్తం సిస్టమ్ ఒకే ఫైలుగా నొక్కిపెట్టి ఉంటుంది. ఏది కావాలంటే ఆ ముక్క అప్పటికప్పుడు విప్పి చదువుకుంటారు. ఆ ఫైల్లో రాయడం కుదరదు. కాబట్టి దాని మీద ర్యామ్‌తో చేసిన ఒక పల్చటి పొర పరుస్తారు, పటం మీద ట్రేసింగ్ కాగితం పరిచినట్టు. మీరు మార్చిందల్లా కాగితం మీదే పడుతుంది. ఆపేస్తే కాగితం పోతుంది, పటం చెక్కుచెదరదు. హార్డ్‌డిస్క్ జోలికి వెళ్ళకుండానే వైఫై పట్టుకుంటోందా, సౌండు వస్తోందా, టచ్‌ప్యాడ్ కదులుతోందా, తెలుగు టైపు అవుతోందా అన్నీ చూసుకోవచ్చు. ఈ పరీక్ష మానేసి నేరుగా ఇన్‌స్టాల్ నొక్కేవాళ్ళని చూస్తే నాకు చిరాకు.

చిత్రమేమిటంటే ఆ తరవాత జరిగే ఇన్‌స్టాలేషన్‌లో గొప్ప సంగతులేమీ లేవు. మొదటి తెరలో భాషల జాబితాలో "తెలుగు" అని మన లిపిలోనే కనబడుతుంది. అది ఎవరో స్వచ్ఛందంగా కూచుని చేసిన అనువాదాల ఫలం. హార్డ్‌డిస్క్‌లో ఎంత జాగా ఇస్తారని అడుగుతుంది. అడిగేవాటిలో ప్రమాదకరమైన ప్రశ్న ఇదొక్కటే. విండోస్ కూడా ఉంచుకోదలిస్తే దాన్లో ఫాస్ట్ స్టార్టప్ ఆపాలి. లేకపోతే విండోస్ షట్‌డౌన్ పేరుతో సగం నిద్రలో ఉండి, డిస్కుని తన కింద పట్టుకుని ఉంటుంది. డిస్కుని రహస్యలిపిలో దాచే బిట్‌లాకర్ ఉంటే దాని 48 అంకెల తాళం ముందే కాగితం మీద రాసుకోవాలి. ఇవి అయ్యాక, ఇందాక లైవ్‌లో చూసిన ఆ నొక్కిపెట్టిన ఫైలునే హార్డ్‌డిస్క్ మీద విప్పి పోస్తుంది. మీ పేరు, పాస్‌వర్డు రాసుకుంటుంది. చివరగా, వచ్చేసారి స్విచ్ నొక్కినప్పుడు పిలవాల్సినవాడి పేరు యూఈఎఫ్ఐకి చెప్పి, వాణ్ణి హార్డ్‌డిస్క్‌లోని చిన్న ఫ్యాట్ భాగంలో కూచోబెడుతుంది. మా వాడికి ఇరవై నిమిషాలు పట్టింది. అందులో పదినిమిషాలు పాస్‌వర్డు ఏం పెట్టాలా అని ఆలోచించాడు.

వారం తరవాత మళ్ళీ ఫోను చేశాడు. ల్యాప్‌టాప్ బాగానే ఉందట. పాడైంది పెన్‌డ్రైవట. పాటలు ఎక్కించుకుందామని రూమ్మేట్ విండోస్ ల్యాప్‌టాప్‌కి పెడితే, 32 జీబీలు ఉండాల్సింది కొన్ని ఎంబీలు చూపిస్తోంది, పైగా ఫార్మాట్ చెయ్యమంటావా అని పదేపదే అడుగుతోంది.

"పాడవలేదురా. నువ్వు దాని మీద మూడు జీబీల సీడీ బొమ్మ అచ్చేశావు, పట్టికతో సహా. ఆ పట్టిక ప్రకారం మూడు జీబీల తరవాత లోకమే లేదు. ఆ ఉన్నదాంట్లో కూడా విండోస్‌కి చదవడం వచ్చింది యూఈఎఫ్ఐ కోసం పెట్టిన చిన్న ఫ్యాట్ భాగం ఒక్కటే. ఆ కాసిని ఎంబీలు అవే. పాత పట్టిక చెరిపి కొత్తగా ఫార్మాట్ చేస్తే 32 జీబీలూ తిరిగొస్తాయి. చెరిపెయ్."

అవతల కాసేపు మాట లేదు. వెనకాల రూమ్మేట్ ఏదో అంటున్నాడు.

"ఇప్పుడే వద్దులే మామయ్యా. వీడి ల్యాప్‌టాప్‌ది కూడా విండోస్ 10ఏ."